నూకాలు పేరుకి ఎవరూ పలకకూడదు

న్యాయనిర్ణేతగా రమ్మంటే ఇక వెళ్లకూడదని ప్రతిసారీ ఒట్టు పెట్టుకుంటాను, ప్రతిసారీ అందరికంటే ముందు ముస్తాబై కూర్చుంటాను. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరు, ఇంట్లో ఊరికే ఉండలేదు. మొన్న రాజాంలో ఒక కాలేజీ వాళ్లు వక్తృత్వ పోటీకి పిలిచారు. బర్మాలో సైన్యం సొంత దేశపు ఊళ్ల మీదే విమానాలతో బాంబులు వేస్తోంది కదా, ఆ దాడుల్లో న్యాయం ఉందా లేదా, పక్క దేశంగా మనం నోరు విప్పాలా ఊరుకోవాలా, ఇదీ ఆనాటి విషయం. పిల్లలు చీటీలు తీసి, ఏ చీటీలో ఏ పక్షం వస్తే ఆ పక్షం మాట్లాడాలి. ఒకడు ఫోను చూసి చదివేశాడు. ఇంకొకడు బల్ల గుద్దాడు గానీ ఎందుకు గుద్దాడో నాకు తెలియలేదు. తిరుగుబాటుదార్లే బడుల్లో దాక్కుంటున్నారని ఒకరు, మన సరిహద్దు దాటి వస్తున్న జనం సంగతేమిటని ఇంకొకరు, మన ఇంటి గొడవ మనకుండగా ఊళ్లో గొడవ మనకెందుకని మరొకరు. టీవీల్లో పెద్దవాళ్లు అరుచుకుంటున్నదే ఇదంతా, కాకపోతే ఈ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అరిచారు, అంత మర్యాద ఉంది.

ఆఖర్న ఒక సన్నపాటి అమ్మాయి లేచింది. పేరు హారిక. దాడులు న్యాయమేనన్న చీటీ వచ్చింది పాపం దానికి. చక్కటి గొంతు, ఎక్కడా తడబాటు లేదు. "బాంబులు పడుతున్నది వంతెనల మీద, గోదాముల మీద, రేవుల మీద. ప్రజల మీద కాదు" అంది. హాలంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్న లెక్చరరు ముందుకి వంగి మార్కులు వేసుకుంటున్నాడు. నేను మాత్రం పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆ మాట నాది. యాభై అయిదేళ్ల పైమాటే, కళింగపట్నం ఇసకలో నిలబడి, ఎండబెట్టిన చేపలకి ఆ మాట వప్పజెప్పిన పన్నెండేళ్ల పిల్లని నేనే.

మా మామ్మ గురించి చెప్పాలంటే ముందు చుట్ట గురించి చెప్పాలి. అడ్డపొగ తాగేది. అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, చల్లటి కొస బయటికి ఉంచుకోవడం. మా తీరంలో ఆడవాళ్లందరికీ అదే అలవాటు, గాలికి చుట్ట ఆరిపోకుండా. నోట్లో నిప్పు పెట్టుకునే బేరమాడేది, తిట్టేది, పాట పాడేది. అమ్మ పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి జావ, కాచేది. అంబలి తాగి మామ్మా నేనూ నెత్తళ్లు, వేలెడేసి చేపలు, ఇసక మీద పరిచేవాళ్లం. ఎండ ముదిరేసరికి ఒకసారి తిరగెయ్యాలి, మధ్యాహ్నం ఇంకోసారి. కాకుల్ని తోలడం నా పని. ఆ వాసన జుట్టుకి, పుస్తకాలకి, పలకకి కూడా పట్టేసేది. బళ్లో కొందరు పిల్లలు నా పక్కన కూర్చునేవాళ్లు కారు. అప్పుడు ఏడ్చేదాన్ని. ఇప్పుడు విజయనగరంలో దుకాణానికి వెళితే ఎండుచేప ప్లాస్టిక్ పొట్లంలో వాసన లేకుండా దొరుకుతుంది, కొనబుద్ధి కాదు. ఆ వాసన మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిందని తెలియడానికి నాకు ఇంత వయసు పట్టింది.

చలికాలంలో సముద్రం మీద మంచు దిగితే ఒడ్డు కనిపించేది కాదు. తెల్లారి వేట నుంచి వచ్చే తెప్పలకి దారి తెలియడానికి ఆడవాళ్లు ఒడ్డున నిలబడి పిలిచేవారు. ఎవరి మనిషిని వాళ్లు పేరు పెట్టి పిలవాలి. మంచులోంచి "ఓయ్" అని పలుకు వచ్చేదాకా పిలుస్తూనే ఉండాలి. ఆ గొంతు వినే తెప్పని ఇటు తిప్పుకునేవాళ్లు. మా వీధిలోకెల్లా పెద్ద గొంతు మామ్మది. మా అయ్యనే కాదు, గొంతు బొంగురుపోయిన వాళ్ల మనుషుల్ని కూడా ఆవిడే పిలిచేది. దీనికి ఒకటే కట్టుబాటు. ఒకరి పేరుకి ఇంకొకరు పలకకూడదు. సరదాకైనా సరే, సాయానికైనా సరే. పలుకు వినిపిస్తే పిలుపు ఆగిపోతుంది. పిలుపు ఆగిపోతే మంచులో తిరుగుతున్నవాడు ఏ గొంతు పట్టుకుని రావాలి? ఇది మాకు అన్నప్రాశన నాటి నుంచీ చెప్పే సంగతి.

మామ్మ ఒడ్డున పిలవడంతో ఆగేది కాదు. ఎప్పుడో ఒకప్పుడు విశాఖపట్నం వైపు నుంచి విమానం వచ్చేది. ఊళ్లో పిల్లలంతా చేతులూపుతూ పరిగెట్టేవాళ్లు. మా ఇంట్లో మాత్రం ఆ చప్పుడు వినగానే మామ్మ చేతిలో పని పడేసి, నోట్లో చుట్ట తీసేసి, గుమ్మంలోకి వచ్చి ఇంటిల్లిపాదినీ పిలిచేది. "రాములూ!" అంటే మా అయ్య ఎక్కడున్నా ఓయ్ అనాలి. "కాంతం!" అంటే మా అమ్మ. "పారీ!" అంటే నేను, పార్వతిని. ఆఖర్న "నూకాలూ!" అనేది. మా ఇంట్లో నూకాలు లేదు. ఎవరూ పలికేవారు కారు. విమానం చప్పుడు పూర్తిగా పోయేదాకా మామ్మ అలాగే చెవి ఒగ్గి నిలబడి, తర్వాత చుట్ట వెలిగించుకుని పనిలో పడిపోయేది. నూకాలు ఎవరని అమ్మని అడిగితే, "ఊరుకోవే, మీ అయ్య ఇంటాడు" అనేది. అంతే.

ఎనిమిదేళ్లప్పుడు అనుకుంటాను, ఒకరోజు విమానం వచ్చింది. మామ్మ పిలుస్తోంది. "నూకాలూ!" అనగానే నేను గోడ చాటునుంచి గొంతు సన్నగా చేసి "ఓయ్" అన్నాను. తమాషాకే. మామ్మ ఒక్క గెంతులో గోడ చుట్టూ తిరిగి వచ్చింది. ఆ మొహం నేను మరిచిపోలేను. అంతలోనే నన్ను చూసింది. చెంప పగిలిపోయేలా కొట్టింది. నన్ను కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు. నాకు ఆశ్చర్యం ఏమిటంటే, ఏడుస్తున్న నన్ను అయ్య దగ్గరికి తీసుకోలేదు. అన్నం ముందు కూర్చున్నవాడు చెయ్యి కడిగేసుకుని సముద్రం వైపు వెళ్లిపోయాడు, పొద్దుగూకేదాకా రాలేదు. తప్పు చేసింది నేనైతే ఈయన ఎందుకు వెళ్లిపోయాడో నాకప్పుడు అంతుపట్టలేదు.

ఏడో తరగతికి వచ్చేసరికి నా చదువు మీద కత్తి వేలాడింది. అయ్య తెగేసి చెప్పేశాడు. "ఏడు సాలు. ఆపైన సదివి ఏటి సేస్తాది? చేపలకి లెక్చర్లు సెబుతాదా?" మా మేష్టారు సింహాచలం గారు మొండి మనిషి. ఊళ్లో చిన్న పఠన మందిరం ఉండేది, దాంట్లో ఒక రేడియో, రెండు పేపర్లు. ప్రతి ఆదివారం పెద్దవాళ్లు అక్కడ చేరి వార్తల మీద వాదించుకునేవాళ్లు. ఆ రోజుల్లో వియత్నాం యుద్ధం. ఆ దేశం వాళ్లలో వాళ్లకి పోరు, మధ్యలో పెద్ద దేశం విమానాలు వెళ్లి బాంబులు వెయ్యడం. మా ఊరి మందిరంలో సముద్రం మొహమే గానీ విమానం మొహం దగ్గర్నుంచి చూడని వాళ్లు కూడా దాని మీద చొక్కాలు పట్టుకునేంత పని చేసేవాళ్లు. మేష్టారు ఆ విషయం మీదే పిల్లలకి పోటీ పెట్టారు. పెట్టి, నేరుగా మా అయ్య దగ్గరికి వచ్చారు. "రాములూ, నీ కూతురు దీంట్లో గెలిస్తే శ్రీకాకుళం హాస్టల్లో సీటు నేను చూసుకుంటాను. పంపుతావా?" అన్నారు. అయ్య తల గోక్కున్నాడు. "గెలిస్తే అంపుతాను. ఓడిపోతే మల్లా ఈ మాటెత్తకండి బాబూ" అన్నాడు. అలా నా హైస్కూలు ఒక ఆదివారం మీద ఆధారపడిపోయింది. ఇప్పటి పిల్లలకి సీట్లు ఎన్ని రకాలుగా వస్తున్నాయో చూస్తే నాకు నవ్వూ వస్తుంది, ఈర్ష్యా వస్తుంది.

చీటీలో నాకు వచ్చింది, దాడులు న్యాయమే అన్న పక్షం. పేపర్లన్నీ తిరగేసి ప్రసంగం రాసుకున్నాను. దాంట్లో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది. శనివారం సాయంత్రం నెత్తళ్లు ఎత్తుతూ, చెయ్యి పైకెత్తి, దాన్నే పదిసార్లు అన్నాను. "బాంబులు పడుతున్నది ప్రజల మీద కాదు, కేవలం రేవుల మీద!"

మామ్మ బుట్ట కింద పెట్టింది. నోట్లోంచి చుట్ట తీసింది. చుట్ట తీసిందంటే మాట గట్టిదన్నమాట.

"ఒలే, మల్లా సెప్పు."

మళ్లీ చెప్పాను, ఇంకా గట్టిగా.

"రేవులో ఎవులుంటారే?"

"ఓడలుంటాయి, సరుకులుంటాయి."

"ఓడ దాని సరుకు అదే దించుకుంటాదేటి? ఆ దించినోడికి అన్నమెవులు పట్టికెల్తారు? ఉప్పుచేప ఎవులమ్ముతారు?" అని, ఇసకకేసి చూస్తూ అంది. "రంగంలో నేను అమ్మినాను. రేవు మీదే పడినాయి బాంబులు. నూకాలు అక్కడే ఉండిపోనాది."

మా వైపు బర్మాలోని రంగూన్‌ని రంగం అంటారు. జపాను వాళ్లు బాంబులు వేసినప్పుడు మామ్మ రంగం నుంచి నడిచి వచ్చిందని వీధిలో అందరికీ తెలుసు. తాత అక్కడ రేవులో మూటలు మోసేవాడనీ, జ్వరం వచ్చి అక్కడే పోయాడనీ తెలుసు. నూకాలు మా అయ్యకి చెల్లెలనీ, అప్పటికి నాలుగేళ్లదనీ ఆ సాయంత్రమే తెలిసింది. మామ్మ అంతకుమించి చెప్పలేదు. ఆ వాక్యం మానెయ్యమని కూడా అనలేదు. బుట్ట నెత్తికెత్తుకుని, "బేగి రా, మంచు పడతాది" అంది.

ఆదివారం పొద్దున మందిరం నిండిపోయింది. అయ్య వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మామ్మ లోపలికి రాలేదు, గుమ్మం బయట అరుగు మీద ఖాళీ బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను మొదలుపెట్టాను. బాగానే సాగింది. మేష్టారి మొహం వెలిగిపోతోంది. ఆ వాక్యం దగ్గరికి వచ్చాను. "బాంబులు పడుతున్నది ప్రజల మీద కాదు" అన్నాను, ఆగిపోయాను. మిగిలిన మూడు మాటలు నాలుక మీదే ఉన్నాయి. మరిచిపోయాననుకుని మేష్టారు "కేవలం... కేవలం..." అని అందిస్తున్నారు. ఆ మూడు మాటలు అంటే హాస్టలు. నాకు హాస్టలు కావాలి, ఎంత కావాలో చెప్పలేను. "మేష్టారూ, ఇది నేను చెప్పలేనండి. రేవులో మా మామ్మ ఉందండి" అనేసి కూర్చుండిపోయాను. కొందరు నవ్వారు. మేష్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బహుమతి షావుకారు గారి అబ్బాయికి వెళ్లింది, వాడికి రావలసిందే, ఆపకుండా మాట్లాడాడు.

ఆ మధ్యాహ్నం చేపలు ఆరేసిన చోటే ముగ్గురం ఉన్నాం. అయ్య వల బాగుచేసుకుంటున్నాడు. మామ్మ నెత్తళ్లు తిరగేస్తోంది. నేను ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బరించుకుని కాకుల మీద రాళ్లు విసురుతున్నాను. అయ్య తల ఎత్తకుండా అడిగాడు.

"ఎందుకాగిపోనావు? నోటికొచ్చు కదా."

"నూకాలత్త రేవులోనే పోయిందంట కదా. ఆ మాట నేనెలా అంటాను?"

వల కుట్టే చెయ్యి ఆగిపోయింది. తర్వాత నాతో కాదు, మామ్మతో అన్నాడు.

"అమ్మా, ఆరోజు పలికింది నేనే."

మామ్మ తిరగేస్తూనే ఉంది.

"దాని సెయ్యి పట్టుకోమన్నావు. పొగలో వదిలీసినాను. రాములూ అన్నావు, బస్తాల సాటునుంచి పలికినాను. నూకాలూ అన్నావు. సెయ్యి వదిలీసినానని కొడతావేమోనని బయమేసి, దాని పేరుకీ నేనే పలికినాను. నువ్వు పిలవడం మానేసి నన్ను సంకనేసుకుని పరిగెట్టినావు. నేను పలక్కపోతే నువ్వింకా పిలిసేదానివి. అది వొచ్చీది."

ముప్పై ఏళ్ల దాకా మోసిన మూట అది. ఆ చెంపదెబ్బ నాడు అన్నం వదిలేసి ఎందుకు వెళ్లిపోయాడో అప్పుడు తెలిసింది. నేను గోడ చాటున చేసింది, ఆయన ఆరేళ్లప్పుడు బస్తాల చాటున చేసిందే.

మామ్మ చుట్ట తీసింది. వచ్చి కొడుకు ముందు గొంతుక్కూర్చుంది.

"ఒరే రాములూ, మంచులో పది తెప్పలొస్తే ఏ గొంతు ఎవుల్దో సెప్పీదాన్ని. నా పిల్లల గొంతు నాకు తెల్దేట్రా? రెండు పలుకులూ నీయే. తెలిసే పరిగెట్టినాను. రెండో ఇమానం వొచ్చేస్తంది, నువ్వొక్కడివి సేతికి దొరికినావు. దొరికినోడిని బతికించుకున్నాను. మర్నాడెల్లి ఎతికినాను, అవుపడనేదు. నేను సేసిన పనిరా అది. ఆరేళ్ల గుంటడివి, నీదేటుంది అందులో?"

అయ్య మామ్మ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాడు. నేనెప్పుడూ చూడని సంగతి అది. నాకు భయం వేసి నేనూ ఏడ్చాను. మామ్మ ఒక్కతే ఏడవలేదు. ఉప్పు అంటిన చేత్తో కొడుకు వీపు నిమురుతూ, మధ్యలో కాకొకటి వస్తే "హుష్" అంది. ఆవిడ నిజంగానే గొంతు గుర్తుపట్టిందో, కొడుకు బరువు దించడానికి ఆ తప్పు తన నెత్తిన వేసుకుందో ఇవాళ్టికీ నాకు తెలియదు. తర్వాత ఎన్నోసార్లు అడగాలనుకున్నాను. అడగనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను. రెండింట్లో ఏదైనా నేను ఆవిడకి దండం పెట్టుకోవలసిందే.

మర్నాడు అయ్య వేటకి వెళ్లలేదు. చలవ చొక్కా వేసుకుని మేష్టారింటికి వెళ్లాడు. "ఓడిపోనాది బాబూ. అయినా అంపుతాను" అన్నాడట. ఎందుకయ్యా అంటే, "దానికి పలకకూడని సోట పలకకూడదని తెలిసినాది. సదువు దానికి కాకపోతే ఇంకెవులికి?" అన్నాడట. మేష్టారు ఈ మాట నాకు చాలా ఏళ్ల తర్వాత, నాకు ఉద్యోగం వచ్చినప్పుడు చెప్పారు. నేను శ్రీకాకుళం హాస్టల్లో కాలు పెట్టిన రోజు మామ్మ పెట్టెలో బట్టల కింద ఎండు నెత్తళ్లు దాచింది, హాస్టలంతా కంపు కొట్టి నాకు మొదటి వారమే పేరొచ్చేసింది. తిట్టుకున్నాను. మొదటి సెలవులకి వెళ్లి ఇంకాసిని పెట్టమన్నాను.

రాజాంలో ఆ హారికకే మొదటి బహుమతి వేశాను. అందరిలో బాగా మాట్లాడింది అదే, నా గొడవ దాని మీద రుద్దడం న్యాయం కాదు. టీ తాగుతున్నప్పుడు పక్కకి పిలిచాను. మీదేవూరమ్మా అంటే సముద్రం ఒడ్డు ఊరే చెప్పింది.

"మీ నాన్న ఏం చేస్తారు?"

"గుజరాత్‌లో బోటు మీద పని చేస్తాడండి. ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడే."

"అంటే ఎక్కడుంటాడు?"

"రేవులోనేనండి" అంది. అన్న తర్వాత కప్పు పట్టుకుని అలాగే నిలబడింది. "అయ్యో మేడమ్, నాకు తట్టనే లేదండి" అంది. నాకూ తట్టలేదమ్మా, తట్టించే మనిషి మా ఇంట్లో ఉంది అని, ఈ కథంతా చెప్పాను. టీ చల్లారిపోయింది. వాళ్ల నాన్నకి ఫోను చేస్తానని వెళ్లింది.

ఒకటి మాత్రం ఆ పిల్లలకి స్టేజి మీద చెప్పి వచ్చాను. దాడి మంచిదన్నవాళ్లూ, చెడ్డదన్నవాళ్లూ, ఆ ఊళ్లలోని జనం ఇలా కోరుకుంటున్నారు, అలా కోరుకుంటున్నారని వాళ్ల తరఫున మీరే పలికేశారు. మీరు పలికేస్తే వాళ్లని పిలిచేవాళ్లు ఆగిపోతారు నాయనా, కాస్త ఆగి వాళ్ల గొంతు వినండి అన్నాను. ఎంతమందికి ఎక్కిందో తెలియదు. శాలువా కప్పారు.

మామ్మ పోయింది, అయ్య పోయాడు, అమ్మ కూడా. విమానాలు మాత్రం ఇప్పుడు మా విజయనగరం మీదుగా రోజూ వెళుతున్నాయి. ఇంట్లో అందరూ నవ్వుతారు గానీ నాకు అలవాటు పోలేదు, పగటి పూట ఒక్కసారైనా గుమ్మంలోకి వచ్చి పిలుస్తాను. రాజాం నుంచి వచ్చిన మర్నాడు కూడా పిలిచాను. మా ఆయన పేపరు దించకుండా "ఊఁ" అన్నారు. కోడలు వంటింట్లోంచి "ఉన్నానత్తయ్యా" అంది. మనవరాలు మేడ మీంచి "ఓయ్" అంది. ఆఖర్న "నూకాలూ!" అన్నాను. ఎవరూ పలకలేదు. మామ్మ కథ చెప్పి, పలకకూడదని మా ఇంట్లో అందరికీ నేర్పాను. చప్పుడు పోయేదాకా చెవి ఒగ్గి నిలబడ్డాను. వెనక్కి తిరుగుతుంటే మనవరాలు పిట్టగోడ మీంచి తొంగి చూసింది.

"నాన్నమ్మా, మరి నిన్నెవరూ పిలవట్లేదేం?" అని, నా జవాబు కోసం చూడకుండా, మా మామ్మ గొంతేమో అనిపించేంత గట్టిగా, వీధి వీధంతా వినపడేలా పిలిచింది. "పారీ!"

మామ్మ పోయాక ఆ పేరుతో నన్ను పిలిచిన మనిషి లేదు. గుమ్మం పట్టుకున్నాను. "ఓయ్" అన్నాను.